తెరిచి ఉన్న ఖాతా, ఎండలో నిలిచిన ట్రాక్టరు: ఆటోమేటిక్ లాగౌట్‌పై ఒక కేస్ స్టడీ

చిత్తూరు జిల్లాలో జూన్, జూలై నెలలంటే తోతాపురి మామిడి కాలం. కోతలు మొదలైన నాటి నుంచి గుజ్జు ఫ్యాక్టరీల ముందు, రోడ్డు పక్కన, కాయ నింపిన ట్రాక్టర్లు బారులు తీరతాయి. కొన్ని బండ్లు రాత్రంతా అక్కడే ఉండిపోతాయి. ఆ బారును కొంతైనా తగ్గించాలని ఒక ఫ్యాక్టరీ యాజమాన్యం మా చేత టోకెన్ల వెబ్‌సైటు చేయించుకుంది. చిత్తూరులో మాది నలుగురం పనిచేసే చిన్న సంస్థ. రైతు తన మొబైల్ నంబరు, ఓటీపీతో లాగిన్ అవుతాడు. ఏ రోజు, ఎన్ని టన్నులు, ఏ బండిలో తెస్తాడో రాస్తాడు. టోకెన్ వస్తుంది. గేటు దగ్గర బండి నంబరు టోకెన్‌తో సరిపోతే లోపలికి వదిలి కాటా వేస్తారు.

సీజను మొదలైన రెండో వారంలో బంగారుపాళ్యం వైపు ఒక ర్యాంపులో జరిగిన సంగతి ఇది. ర్యాంపు అంటే రైతుల కాయను తూకం వేసి, పోగుచేసి, ఫ్యాక్టరీలకూ బయటి మార్కెట్లకూ పంపే చోటు. అక్కడి గుమాస్తా బల్ల మీద ఒకే కంప్యూటర్ ఉంది. స్మార్ట్‌ఫోను లేని రైతు ఒకాయన వచ్చి, దాని మీదే లాగిన్ అయ్యాడు. ఓటీపీ ఆయన చిన్న ఫోనుకు వచ్చింది. టోకెన్ తీసుకుని, కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. లాగౌట్ చేయాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. సుమారు 40 నిమిషాల తర్వాత మరొక రైతు వచ్చాడు. తెర మీద టోకెన్ వివరాల పేజీ తెరిచే ఉంది. లాగిన్ అయిపోయిందనుకున్న గుమాస్తా రెండో రైతు ట్రాక్టరు నంబరు అందులో కొట్టి సేవ్ నొక్కాడు. మా వెబ్‌సైటు మారు మాట లేకుండా తీసుకుంది.

మరునాడు మొదటి రైతు బండిని గేటు దగ్గర ఆపేశారు. ఆయన టోకెన్ మీద ఇంకొకరి బండి నంబరు ఉంది. ఆ బండి అప్పటికే లోపలికి వెళ్ళి కాయ దించేసి వచ్చింది. విషయం తేలి ఆయన బండి కాటా ఎక్కేసరికి ఇంకో రోజు గడిచింది. అడుగున ఉన్న కాయ బరువుకు, వేడికి మెత్తబడింది. ఫ్యాక్టరీ దానికి తరుగు తీసింది.

ఫోను రాగానే నేను గేటు దగ్గరికి వెళ్ళాను. ఆయన కోప్పడలేదు. కాగితం చూపించి ఒక్కటే అడిగాడు: “నాయనా, ఓటీపీ నా ఫోనుకే వచ్చింది కదా. నేను చెప్పకుండా నా టోకెన్‌లోకి ఇంకొకరి బండి ఎలా వచ్చింది?”

దానికి ఆ రోజు నా దగ్గర సరైన సమాధానం లేదు. తరుగు సొమ్ము మా సంస్థే కట్టింది. ఎవరూ దొంగతనం చేయలేదు, ఎవరూ అబద్ధం ఆడలేదు. తప్పు మేము రాసిన ప్రోగ్రాములో ఉంది. ఆ తప్పును వెతుక్కుంటూ వెళ్ళిన దారినంతా ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఇదే తప్పు ఒకే కంప్యూటర్‌ను పదిమంది వాడే ప్రతి చోటా, మీసేవ కౌంటరు పక్కన ఉండే నెట్ సెంటరు దగ్గర్నుంచి కాలేజీ ల్యాబు దాకా, పొంచి ఉంటుంది.

ఆ ఖాతా ఎందుకు మూసుకోలేదు?

మా వెబ్‌సైటు పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసినది. లాగిన్ అయినవారికి సర్వరు, అంటే వెబ్‌సైటు నడిచే కంప్యూటర్, ఒక గుర్తింపు చీటీ ఇస్తుంది, దాన్నే సెషన్ అంటాం. బ్రౌజరు ప్రతిసారీ ఆ చీటీ చూపిస్తుంది. పీహెచ్‌పీలో ఈ సెషన్‌కు మామూలుగా ఉండే ఆయుష్షు 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. ఆ అంకెను నమ్ముకుని నేను లాగౌట్ గురించి వేరే ఆలోచించలేదు. 40 నిమిషాలు ఖాళీగా ఉన్న ఖాతా మూసుకుపోయి ఉండాలి కదా అనుకున్నాను.

లాగ్‌లు, అంటే సర్వరు రాసుకునే చిట్టాలు, తీసి చూస్తే మొదటి కారణం వెంటనే దొరికింది. టోకెన్ పేజీలో “మీ ముందు ఎన్ని బండ్లు ఉన్నాయి” అన్న అంకె ఉండేది. రైతులకు బాగా నచ్చిన భాగం అది. ఆ అంకె తాజాగా ఉండాలని పేజీ ప్రతి 30 సెకన్లకు తనంతట తానే సర్వరును అడుగుతుంది. అడిగిన ప్రతిసారీ సెషన్ సమయం కొత్తదవుతుంది. కుర్చీలో మనిషి లేడు, కానీ సర్వరు లెక్కలో ఆ మనిషి ప్రతి అర నిమిషానికీ పలుకుతూనే ఉన్నాడు. 40 నిమిషాలు కాదు, 4 రోజులైనా ఆ ఖాతా తెరిచే ఉండేది.

రెండో కారణం అంతకంటే లోతైనది. పీహెచ్‌పీ చెప్పే 1440 సెకన్లు ఒక వాగ్దానం కాదు. అంత సమయం దాటిన సెషన్లను చెత్తగా లెక్కగట్టవచ్చు అని మాత్రమే దాని అర్థం. ఆ చెత్త ఎప్పుడు ఊడుస్తారన్నది వేరే సంగతి. పీహెచ్‌పీ సొంత ఏర్పాటు ప్రకారం సెషన్ మొదలుపెట్టే అభ్యర్థనల్లో నూటికి ఒకసారి, అదీ యాదృచ్ఛికంగా, ఊడ్చే పని జరుగుతుంది. డెబియన్, ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లతో నడిచే సర్వర్లలో ఆ పద్ధతిని ఆపేసి, అరగంటకు ఒకసారి నడిచే వేరే పనికి అప్పగించారు. ఊడ్చేలోపు ఎవరైనా వచ్చి పాత చీటీ చూపిస్తే అది చెల్లుతుంది. ఈ గడువును లాగౌట్ గడువుగా వాడుకోవడం నా అవగాహన లోపం.

మూడోది, బ్రౌజరు మూసేస్తే లాగౌట్ అయిపోతుందన్న నమ్మకం. ఆ ర్యాంపులో రోజుకు రెండు మూడు సార్లు కరెంటు పోతుంది, కంప్యూటర్ ఆరిపోతుంది. కనీసం అప్పుడైనా ఖాతాలు మూసుకోవాలి. కానీ ఆపిన చోట నుంచే మొదలుపెట్టేలా బ్రౌజరును పెట్టుకుంటే, పాత ట్యాబులతో పాటు పాత సెషన్ కుకీలు, అంటే బ్రౌజరు దాచుకున్న ఆ గుర్తింపు చీటీలు, కూడా తిరిగి వస్తాయి. గుమాస్తా బ్రౌజరు అలాగే పెట్టి ఉంది.

తొందరలో వేసిన మాత్ర

ఆ రాత్రే ఒక మార్పు చేశాను. 15 నిమిషాలు కదలిక లేకపోతే లాగౌట్. ఆ 15 ఎక్కడి నుంచి వచ్చింది? కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణమైన పీసీఐ డీఎస్‌ఎస్ నుంచి. కార్డు వివరాలుండే వ్యవస్థల్లో పనిచేసే సిబ్బంది 15 నిమిషాలకు మించి ఖాళీగా ఉంటే మళ్ళీ లాగిన్ అడగాలని అది చెబుతుంది. అది సిబ్బంది కోసం రాసిన నిబంధన. మామిడి రైతుకూ ర్యాంపు గుమాస్తాకూ అది సరిపోతుందా అని నేను ఆలోచించలేదు. పేరున్న చోట నుంచి వచ్చిన అంకె కదా అని తెచ్చి పెట్టేశాను.

రెండు రోజుల్లో ఫోన్లు మొదలయ్యాయి.

ర్యాంపుకు ఒక సొంత ఖాతా కూడా ఉంది. తమకు కాయ వేసే రైతులందరి వివరాలు గుమాస్తా ఒకే పేజీలో వరుసగా నింపి, చివర్లో ఒక్కసారి సేవ్ చేస్తాడు. ఆ రోజు ఆయన 14 మంది వివరాలు నింపుతున్నాడు. మధ్యలో తూకం చూసి వస్తాడు, ఫోను మాట్లాడతాడు, మళ్ళీ కూర్చుంటాడు. కీబోర్డు మీద ఎన్ని అక్షరాలు కొట్టినా సేవ్ నొక్కేదాకా సర్వరుకు ఏదీ తెలియదు. బారు అంకె కోసం పేజీ చేసే అభ్యర్థనలను నేను అప్పటికే లెక్కలోంచి తీసేశాను. కాబట్టి సర్వరు లెక్కలో ఆయన ఖాళీగా కూర్చున్నాడు. 14వ పేరు రాసి సేవ్ నొక్కగానే లాగిన్ పేజీ వచ్చింది. రాసిందంతా పోయింది. బయట రైతులు నిలబడి ఉన్నారు.

తర్వాత ఆయన చేసిన పని నన్ను చాలా ఆలోచింపజేసింది. పక్కన ఒక కుర్రవాడిని కూర్చోబెట్టి, ఇంకో ట్యాబు తెరిచి, దాన్ని పది నిమిషాలకోసారి రీఫ్రెష్ చేయమన్నాడు. పని పోగొట్టుకున్న మనిషి చేసేది అదే. భద్రత కోసం నేను పెట్టిన గడువు, ఖాతాను పొద్దంతా తెరిచి ఉంచడం ఎలాగో ఆయనకు నేర్పింది.

ఫోనులో వాడే రైతుల బాధ వేరు. బారులో ట్రాక్టరు ఎక్కి కూర్చుని, ఫోను జేబులో పెట్టుకుని, గంటకోసారి తీసి ముందు ఎన్ని బండ్లున్నాయో చూసుకుంటాడు. చూసిన ప్రతిసారీ లాగిన్ పేజీ. ప్రతిసారీ ఓటీపీ. సిగ్నలు సరిగా లేని చోట ఆ ఓటీపీ రావడానికే నిమిషాలు పడుతుంది, ఒక్కోసారి రానే రాదు. సొంత ఫోను, సొంత జేబు, పక్కన ఎవరూ లేరు. ఆయన్ని ఎవరి నుంచి కాపాడుతున్నాను?

అంకె కాదు, కుర్చీ

అప్పుడు కోడ్ పక్కన పెట్టి, ఒక రోజంతా ఆ ర్యాంపులోనే కూర్చున్నాను. మరో రోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర. చూడగా చూడగా తెలిసింది, నేను వెతకాల్సింది ఎన్ని నిమిషాలు అన్న అంకెను కాదు, ఎవరు ఎక్కడ కూర్చుని వాడుతున్నారన్నదాన్ని.

ప్రమాణాలు కూడా జాగ్రత్తగా చదివితే ఇదే చెబుతాయి. వెబ్ భద్రత మీద పనిచేసే ఒవాస్ప్ సంస్థ ముప్పు ఎక్కువున్న వాటికి 2 నుంచి 5 నిమిషాలు, తక్కువున్న వాటికి 15 నుంచి 30 నిమిషాలు అంటుంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2017లో ఇచ్చిన మార్గదర్శకం మధ్యస్థాయి భద్రతకు 30 నిమిషాల ఖాళీ, లేదా మొత్తం 12 గంటలు దాటితే మళ్ళీ గుర్తింపు అడగమంది. ఒక్కో ముప్పుకు ఒక్కో అంకె ఉంది. ముప్పు ఏమిటో తేల్చుకోకుండా అంకె తీసుకోవడమే నేను చేసిన తప్పు.

మా దగ్గర ఐదు రకాల కుర్చీలు కనిపించాయి.

సొంత ఫోనున్న రైతు విషయంలో ఖాళీ సమయాన్ని బట్టి లాగౌట్ చేయడం మానేశాం. టోకెన్‌కు కాటా పడేదాకా, గరిష్ఠంగా 3 రోజులు, ఖాతా తెరిచే ఉంటుంది. దానికి బదులు ఒక షరతు పెట్టాం: బారు చూసుకోవడానికి ఏమీ అడగం, కానీ బండి నంబరు మార్చాలన్నా, టోకెన్ రద్దు చేయాలన్నా, ఓటీపీ ఇచ్చి 10 నిమిషాలు దాటి ఉంటే మళ్ళీ ఓటీపీ ఇవ్వాలి. చూడటం వేరు, మార్చడం వేరు. మొదటి రోజు నుంచీ ఈ ఒక్క తేడా పాటించి ఉంటే ఆ ట్రాక్టరు గేటు దగ్గర ఆగేది కాదు.

గేటు దగ్గరి తెర పొద్దున్నుంచి రాత్రి దాకా వెలుగుతూ ఉండాలి. దాన్ని లాగౌట్ చేస్తే బారు మొత్తం ఆగిపోతుంది. అందుకే ఆ ఖాతా చేతిలోంచి మార్చే అధికారాలన్నీ తీసేశాం, చూపించడమే దాని పని. కాటా దగ్గర బరువు నమోదు చేసే మనిషి ప్రతి నమోదుకూ తన పిన్ కొడతాడు. డబ్బు లెక్కలు చూసే ఆఫీసుకు మాత్రం గట్టి నియమాలే పెట్టాం: 10 నిమిషాల ఖాళీ, మొత్తం మీద ఒక షిఫ్టు, అంటే 8 గంటలు.

ఇక ర్యాంపు కంప్యూటర్. అసలు కథ దానిదే.

అక్కడ కూర్చుని గమనించిన రోజు ఒక విషయం బాగా పట్టుకుంది. ఒక రైతు లేచి వెళ్ళాక ఇంకొకరు కూర్చోవడానికి రద్దీ వేళ ఒక నిమిషం కూడా పట్టడం లేదు. గడువు 15 నుంచి 10కి, 10 నుంచి 5కి తగ్గించినా ఆ నిమిషాన్ని పట్టుకోలేం. ఫ్యాక్టరీ మేనేజరు 2 నిమిషాలు పెట్టమని గట్టిగా అడిగారు. నేను ఒప్పుకోలేదు. 2 నిమిషాలంటే నెమ్మదిగా కొట్టే మనిషి పేరు రాస్తుండగానే బయటికి గెంటినట్టు అవుతుంది, పైగా ఆ ఒక్క నిమిషం సందు అలాగే మిగులుతుంది.

అందుకని పంచుకునే కంప్యూటర్ మీద లాగౌట్‌ను గడియారానికి కాకుండా పనికి ముడిపెట్టాం. రైతు వచ్చింది టోకెన్ కోసం. టోకెన్ ముద్రణ కాగానే, ఇంకేదీ అడగకుండా, సర్వరు ఆ ఖాతాను మూసేస్తుంది. తెర మీద “మీ టోకెన్ వచ్చింది. మీ ఖాతా మూసేశాం” అని పెద్ద అక్షరాల్లో వస్తుంది. 10 నిమిషాల గడువు కూడా ఉంది, కానీ అది మధ్యలో లేచి వెళ్ళిపోయిన వారి కోసం పెట్టిన రెండో గొళ్ళెం మాత్రమే.

ఈ కంప్యూటర్ సొంతమా, అందరిదా అని ఎలా తెలుస్తుంది? లాగిన్ పేజీలో “ఇది నా సొంత ఫోను” అన్న గడి పెట్టాం. టిక్ పెట్టకపోతే అందరిదే అని లెక్క. కొందరు అవసరం లేకుండా ఎక్కువసార్లు లాగిన్ కావాల్సి వస్తుంది నిజమే, కానీ పొరపాటు జరిగితే ఆ వైపే జరగాలి.

ఇంకో చిన్న మార్పు కూడా చెప్పాలి. ప్రతి పేజీ పైన ఖాతాదారు పేరు, ఊరు, ఫోను నంబరులో చివరి 4 అంకెలు పెద్దగా కనిపించేలా చేశాం. ఇంతకు ముందు అది ఒక మూల చిన్న బొమ్మ వెనుక దాగి ఉండేది. ఆ రోజు తెర మీద మొదటి రైతు పేరు పెద్దగా కనిపించి ఉంటే గుమాస్తా చేయి అక్కడే ఆగేది. లాగౌట్ గడువుల గురించి ఆలోచించే ముందు చేయాల్సిన పని ఇది.

లోపల ఎలా పనిచేస్తుంది

సెషన్ ఫైళ్ళను వదిలేసి డేటాబేస్‌లో ఒక పట్టిక పెట్టాం. ప్రతి సెషన్‌కూ మూడు సమయాలు రాస్తాం: లాగిన్ అయిన సమయం, మనిషి చివరిసారి నిజంగా ఏదైనా చేసిన సమయం, చివరి ఓటీపీ సమయం. ప్రతి అభ్యర్థన దగ్గరా సర్వరు ఈ మూడింటినీ ఇప్పటి సమయంతో పోల్చి నిర్ణయిస్తుంది. ఊడ్చే పని ఎప్పుడు జరిగినా ఇబ్బంది లేదు. గడువు దాటిన చీటీ ఆ క్షణం నుంచే చెల్లదు. లాగౌట్ అంటే ఆ వరుసను చెరిపేయడం. బ్రౌజరులో కుకీ తీసేయడం దాని తర్వాతి సంగతి.

మనిషి ఉన్నాడో లేడో బ్రౌజరు చెప్పాలి. కీబోర్డు, మౌసు, తెర మీద వేలు, వీటిలో ఏదైనా కదిలితే పేజీ సర్వరుకు “ఉన్నాను” అని ఒక చిన్న కబురు పంపుతుంది, అదీ నిమిషానికి ఒకటికి మించకుండా. కదలిక లేకపోతే కబురు ఉండదు. బారు అంకెను అడిగే అభ్యర్థనలకు వేరే గుర్తు ఉంటుంది, అవి చివరి సమయాన్ని తాకవు. గుమాస్తా 20 నిమిషాలు ఆపకుండా కొడుతున్నా ఇప్పుడు సర్వరుకు తెలుస్తుంది.

రాసింది పోకూడదు. ఒక్కో వరుస నింపగానే చిత్తుప్రతిగా సర్వరులో దాచుకుంటాం. బ్రౌజరులోనే దాచడం తేలిక, కానీ అందరూ వాడే కంప్యూటర్‌లో ఒకరి వివరాలు మిగిల్చి వెళ్ళడం సరికాదు. లాగౌట్ అయినా అదే ఖాతాతో మళ్ళీ వస్తే రాసింది రాసినట్టే కనిపిస్తుంది. వేరొకరు వస్తే కనిపించదు. ఈ ఒక్క మార్పు చేసిన తర్వాత ఆ కుర్రవాడికి రీఫ్రెష్ నొక్కే పని తప్పింది.

హెచ్చరిక మీద చాలా సమయం పెట్టాం. అందరికీ అందుబాటులో ఉండే వెబ్ కోసం రాసిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల్లో 2.2.1వ నియమం, గడువు ముగిసే ముందు చెప్పి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇచ్చి, అది సులువుగా చేసుకునేలా ఉంచడాన్ని ఒక మార్గంగా చెబుతుంది. మేము 2 నిమిషాలు ఇచ్చాం, ఎందుకంటే గుమాస్తా కాటా దగ్గర నుంచి వచ్చేందుకు అంత పడుతుంది. మొదట రాసిన మాట “మీ సెషన్ గడువు ముగియనుంది”. ర్యాంపులో ఎవరికీ అది అర్థం కాలేదు. సెషన్ అంటే ఏమిటని ఒక పెద్దాయన అడిగారు. తర్వాత ఇలా మార్చాం: “ఇక్కడే ఉన్నారా? 2 నిమిషాల్లో ఈ ఖాతా మూసుకుంటుంది. మీరు రాసింది ఎక్కడికీ పోదు.” కింద రెండు బటన్లు: “ఉన్నాను”, “మూసేయండి”.

ఆ 2 నిమిషాల లెక్క దగ్గర ఒక చిక్కు వచ్చింది. మొదట సెకను సెకనుకూ ఒకటి తగ్గించుకుంటూ పోయే టైమరు రాశాను. ఫోను తెర ఆరితే, కంప్యూటర్ నిద్రపోతే ఆ టైమరు కూడా ఆగిపోతుంది. వెనక్కి పోయిన ట్యాబుల్లో టైమర్లను బ్రౌజర్లే నెమ్మది చేస్తాయి. 2021 జనవరిలో వచ్చిన క్రోమ్ బ్రౌజరు 88వ వెర్షను నుంచి, 5 నిమిషాలకు పైగా కనపడకుండా ఉన్న ట్యాబులో పదేపదే నడిచే టైమరు నిమిషానికి ఒక్కసారే మేల్కొనే వీలుంది. అందుకని ఇప్పుడు లెక్కపెట్టడం లేదు. ముగిసే సమయాన్ని రాసిపెట్టుకుని, పేజీ మళ్ళీ కనబడిన ప్రతిసారీ గడియారంతో పోల్చుకుంటున్నాం. గడువు దాటి ఉంటే ముందు పేజీలోని వివరాలను కప్పేసి, ఆ తర్వాత సర్వరును అడుగుతాం. ఒకే బ్రౌజరులో రెండు ట్యాబులుంటే ఒకదాని కదలిక రెండోదానికి తెలియాలి కదా, దానికి ట్యాబుల మధ్య కబుర్లు పంపే బ్రాడ్‌కాస్ట్ ఛానెల్ అనే బ్రౌజరు సదుపాయం వాడాం.

చివరికి వెనక్కి బటన్. లాగౌట్ అయ్యాక ఆ బటన్ నొక్కితే, బ్రౌజరు దాచుకున్న పాత పేజీ, పాత రైతు వివరాలతో సహా, తెర మీదికి వచ్చేది. దాచుకోవద్దని సర్వరు నుంచే చెప్పే నో-స్టోర్ ఆదేశంతో అది ఆగింది.

ఈ మార్పులన్నీ జూలై మొదటి వారానికి పూర్తయ్యాయి. ఆ తర్వాత కాయ అయిపోయేదాకా ఒకరి టోకెన్‌లో మరొకరి బండి పడిందన్న ఫిర్యాదు మా వరకు రాలేదు. లాగ్‌లలో చూస్తే ర్యాంపు కంప్యూటర్ మీద ఎక్కువ ఖాతాలు టోకెన్ ముద్రణతోనే మూసుకుంటున్నాయి, 10 నిమిషాల గడువు దాకా పోయినవి తక్కువ.

ఒక పని మాత్రం మిగిలిపోయింది. సీజను చివర్లో గమనించాం, కొందరు రైతుల ఖాతాకు ఇచ్చిన నంబరు వాళ్ళది కాదు, బెంగళూరులో పనిచేసే కొడుకుదో కూతురిదో. ఓటీపీ అక్కడికి వెళ్తుంది, వాళ్ళు ఫోను చేసి అంకెలు చదివి వినిపిస్తారు, ఇక్కడ గుమాస్తా కొడతాడు. కొడుకు డ్యూటీలో ఉండి ఫోను ఎత్తకపోతే తండ్రి ర్యాంపులో కూర్చుని ఎదురుచూస్తాడు. మేము కట్టిన గొళ్ళేలన్నీ ఆ నంబరు మీదే ఆధారపడ్డాయి. వచ్చే కోతలకు ముందు ఒక ఖాతాకు రెండు నంబర్లు పెట్టుకునే ఏర్పాటు చేస్తున్నాం. అందులో ఏ నంబరుకు చూసే హక్కు ఉండాలి, ఏ నంబరుకు మార్చే హక్కు ఉండాలన్నది ఆ ఇళ్ళవారినే అడిగి రాసుకుంటున్నాం.